లచ్చి డ్యూటీకి పోయిన రోజు

మొన్న ఆదివారం నా ఆటోలో ఒక కౌబాయ్ ఎక్కినాడు.

నిజం కౌబాయ్ కాదులే. వచ్చే నెలలో పెండ్లి పెట్టుకోనుండే పిల్లోడు. కోలారు పక్కన తమకలో ఇల్లంట, బెంగుళూరులో కంప్యూటర్ పనంట. పెండ్లికి ముందు తీసే ఫోటోల కోసరం వచ్చినాడు. తలమీద మా అమ్మ రాగులు చెరిగే చాటంత టోపీ. ఒంటిమీద అంచులకు పోగులు వేలాడే తోలు చొక్కా. మోకాళ్లదాకా బూట్లు, నడుముకు ప్లాస్టిక్ తుపాకి. పక్కన కాబోయే పెండ్లాం, ఆ పక్కన ఫోటోలు తీసేవాడు, వాడి ఒళ్లో వాడి గొడుగులు.

"అంకుల్, సైనైడ్ దిబ్బలకాడికి పోనీండి. అచ్చం ఎడారి మాదిరి ఉంటాదంట కదా" అన్నాడు.

ఉంటాది మరి. భూమి లోపల్నుంచి రాయి తీసి, దాన్ని పిండి కొట్టి, సైనైడ్ నీళ్లు పోసి, బంగారం యెవరెవరో పట్టుకోని పోయినారు. పిండి మాత్రం మాకు వదిలిపెట్టినారు. ఏండ్లకేండ్లు పోసిన పిండి కొండలైపోయింది. బూడిద కలిసిన తెలుపు. చెట్టు మొలవదు, పిట్ట వాలదు. గాలి కొట్టినప్పుడు కోలారు గోల్డ్ ఫీల్డ్ మొత్తం పౌడరు పూసుకోని కూర్చుంటాది.

ఆటో కుదుపుకు నా అద్దం కింద వేలాడే చిన్న ఇనుప చక్రం గలగలమనింది. రూపాయి బిళ్లంత చక్రం, చుట్టూ ముండ్లు. పెండ్లికొడుకు దాన్ని వేలితో తిప్పి, "ఏమంకుల్ ఇది, దిష్టికా?" అన్నాడు.

"కాదప్పా. ఒకాయప్ప మర్చిపోయి పోయినాడు. వచ్చి అడిగితే ఇచ్చేద్దామని పెట్టుకోనుండాను."

అబద్ధం. వాడు మర్చిపోలేదు, నేను పీకినాను. ఇచ్చేదీ లేదు. వయసు మీద పడితే కోపాలు చల్లారతాయంటారు. బీపీ మాత్ర మింగినానా లేదా అనేది నాకు గుర్తుండదు గాని, వాడి మొగం మాత్రం నిన్న చూసినట్లు గుర్తుండాది. దాన్ని మర్చిపోయేంత పెద్దమనిషిని నేను కాలేదు, కావాలని కూడా లేదు.

ఇందులో మనుషుల పేర్లు రాయను. పోయినోళ్లను లేపేది వద్దు, ఉండేవాళ్లతో తగువు వద్దు. ఒక్క గుర్రం పేరు మాత్రం రాస్తాను. ఆమె పేరు లచ్చి.

లచ్చి మా తాత జట్కా గుర్రం. మాది బేతమంగళ. ఇంట్లో మిగతావాళ్లందరూ రాగి చేలో, ఆవుల కొట్టంలో. మా తాత మాత్రం తెల్లారకముందే పాల క్యాన్లు జట్కాలో వేసుకోని గోల్డ్ ఫీల్డ్‌కు పోయేవాడు. ఇండ్లకు పాలు పోసినాక పొద్దు గుంకేదాకా అదే జట్కాలో గని కూలోళ్లను తోలేవాడు. నేను ఏడో తరగతిలో ఉండగా లెక్కల అయ్యవారు నా నోటుబుక్కు చూసి, "నువ్వు గుర్రాలు తోలేదానికి తప్ప యాదానికీ పనికిరావురా" అన్నాడు. నాకది దీవన మాదిరి వినబడింది. మరుసటి రోజే జట్కా ఎక్కేసినాను. ఆయన చెప్పిన మాటల్లో నేను తప్పకుండా పాటించింది అదొక్కటే.

ఆ జట్కా వాసన ఇప్పుడు యాడ తెచ్చేది? కింద పరిచిన పచ్చిగడ్డి, పైన పాల క్యాన్ల పులుపు, ముందర లచ్చి చెమట. గని కూలోళ్లు ఎక్కినాక ఆ మూడిటి మీద తడిమన్ను, గ్రీసు వాసన. రాబర్ట్‌సన్‌పేట మలుపులో రొట్టెల బట్టీ ఉండేది. ఆడికి వచ్చేసరికి తియ్య బన్నుల వాసన వచ్చి అన్నిటినీ ఒక్క తోపు తోసేది. మా తాత వాసనలోనే కడుపు నింపుకోమనేవాడు. నేను ముక్కు మూసుకోని అలిగితే ఒక బన్ను కొనిచ్చి, సగం లచ్చికి పెట్టేవాడు.

గని సైరనును మేము సంకు అంటాము. షిఫ్టు మారేటప్పుడంతా ఊదుతాది. మధ్యాన్నం మూడు గంటలకు ఊదే సంకుకు పొద్దున దిగినోళ్లందరూ పైకి వస్తారు. ఆ వేళకు గనిలోకి దిగే షాఫ్టు గేటుకాడ జట్కాలు వరసగా నిలబడుండాల. ఏండ్లతరబడి పోయి పోయి, మా లచ్చికి ఆ సంకు రక్తంలో కలిసిపోయింది. మధ్యాన్నం మేతకు విప్పి వదిలితే యాడన్నా మేయనీ, మూడు గంటల సంకు వినబడిందంటే తల పైకెత్తి, చెవులు నిక్కబొడుచుకోని, గేటుకాడికి ఉరుకుతాది. వరసలో తన జాగా తనకు తెలుసు. మా తాత తుండు దులుపుకోని నిదానంగా వెనక నడిచేవాడు. పగ్గం పట్టినా అంతే, పట్టకపోయినా అంతే.

ఒకసారి ఒక పెండ్లికూతురును సత్రానికి తీసుకోని పోతావుండాము. దోవలో సంకు ఊదింది. నేను పగ్గం మీద యేలాడినాను, మా తాత దిగి అడ్డం నిలబడినాడు, లచ్చి ఆయన్ను చుట్టుకోని పోయింది. పెండ్లికూతురు పట్టుచీరతో, బాసికంతో షాఫ్టు గేటుకాడ దిగింది. మొగం నిండా మసి పూసుకున్న నూరుమంది కూలోళ్లు టోపీలు తీసి దీవించినారు. ఒకాయన అక్షింతలు లేక తన టిఫిన్ క్యారియర్‌లో మిగిలిన పులిహోర చల్లినాడు. ఆ పెండ్లికూతురుకు ఇప్పుడు మనవళ్లుండారు. నన్ను యాడ చూసినా చెప్పు తీసేదానికి వంగుతాది.

ఇంగ ఆదివారాలు. ఆదివారం మధ్యాన్నం కూలోళ్ల హాల్లో ఇంగ్లీషు సినిమా వేసేవాళ్లు, ఎక్కువగా కౌబాయ్ సినిమాలు. మాకు తెరమీద ఎడారి చూస్తే సొంతూరు చూసినట్లుండేది. అదే తెల్ల దిబ్బలు, అదే దుమ్ము, అదే ఎండ. గుర్రాలు మాత్రం మా లచ్చికంటే బాగా తిన్నట్లుండేవి.

ఇంగ్లీషు యెవరికీ రాదు. మాటలు చెప్పే పని నాది. ఇద్దరు మొగోళ్లు ఎండలో ఎదురెదురుగా నిలబడి, కండ్లు చికిలించి, నిమిషాలకు నిమిషాలు చూసుకుంటావుంటారు కదా, అప్పుడు నేను లేచేవాణ్ణి.

"ఏమప్పా, మీ ఇంట్లో ఈ పొద్దు ఏమి కూర?"

"ఉలవచారు."

"ఉప్పు యెక్కువైందంట కదా?"

ఢాం. ఒకడు పడిపోయేవాడు. "మా అమ్మ వంటకు పేరు పెడతావా!" అని మిగిలినవాడి గొంతుతో నేను ముగించేవాణ్ణి. హాలు హాలంతా ఈలలే.

నవ్వులాట అట్లుంచితే, ఆ కౌబాయ్‌లంటే నాకు లోపల భక్తి. మొగోడంటే వాడే అనుకున్నాను. ఏడవడు, నవ్వడు, యెవరికీ జవాబు చెప్పడు, కడాకు ఒక్కడే గుర్రమెక్కి పోతాడు. నేను అగ్గిపుల్ల పండ్ల మధ్య పెట్టుకోని, కాళ్లు యెడంగా వేసి నడిచేది నేర్చుకున్నాను. కండ్లు చికిలించేది కూడా. మా అమ్మ కండ్లకలక అనుకోని రెండు రోజులు ఆముదం పోసింది.

మా తాతకు ఇది మింగుడు పడలేదు. ఒక్కసారి నాతో హాలుకు వచ్చి, కడదాకా కూర్చుని, బయటికి వచ్చినాక అడిగినాడు: "అబ్బోడా, కౌబాయ్ అంటే ఏమిరా?"

"ఆవుల కాపరి తాతా."

"మూడు గంటలు చూసినానురా. ఒక్కడూ పాలు పిండలేదు. ఒక్కడూ పేడ ఎత్తలేదు. ఒక్కడన్నా ఆవుకు నీళ్లు పెట్టినాడా? ఆ గుర్రానికన్నా ఒక పిడికెడు మేత వేసినాడా? వీళ్లను కొట్టంలోకి రానిస్తే ఆవులు ఈనేది మానేస్తాయి."

నేను కండ్లు చికిలించి ఊరుకున్నాను. జవాబు చెప్పేది మొగోడి లక్షణం కాదు కదా.

మామిడిపండ్లు అయిపోయి గాలికాలం మొదలైనప్పుడు, మన భాషలోనే కౌబాయ్ సినిమా తీస్తామని ఒక కంపెనీ దిబ్బలమీదికి దిగింది. లారీలు, అద్దాలు, కుర్చీలు. పట్నం నుంచి రెండు ఎత్తు గుర్రాలు కూడా వచ్చినాయి. నిగనిగలాడే గుర్రాలు. దిబ్బమీద పైన గట్టిగా పెచ్చు కట్టుంటాది, లోపల మెత్తని పిండి. మొదటి రోజే ఒక గుర్రం మోకాళ్లదాకా దిగబడి బెదిరిపోయింది. రెండోది దాన్ని చూసి అడుగు పెట్టనంటే పెట్టననింది. అప్పుడు యెవరో మా లచ్చి సంగతి చెప్పినారు. లచ్చికి ఆ నేల మా ఇంటి వాకిలి మాదిరి. యాడ అడుగు వెయ్యాల, యాడ వెయ్యగూడదో దానికి తెలుసు.

మా తాతకు ఇష్టం లేదు. నేను కాళ్లు పట్టుకున్నాను. అన్నం మానేస్తానన్నాను. మానలేదనుకో, రెండు ముద్దలు తగ్గించినాను. ముసలాయన కరిగిపోయినాడు. ఆ దిబ్బమీదికి మా తాతను, లచ్చిని తీసుకోని పోయింది నేను. ఇది ముందే చెప్పెయ్యాల.

హీరో దిగినాడు. నల్ల టోపీ, నల్ల చొక్కా, బూట్ల మడమలకు గిర్రున తిరిగే ముండ్ల చక్రాలు. నడిస్తే గలగల. నాకు దేవుడు నడిచి వచ్చినట్లుండింది. ఆయప్ప నన్ను చూసి, "ఏయ్, ఈ గాడిద నీదేనా?" అన్నాడు. లచ్చిని అన్నాడా నన్ను అన్నాడా తెలియలేదు, అయినా నవ్వినాను.

లచ్చికి సవారీ అలవాటు లేదు, బండి లాగేది అలవాటు. వాడు ఉరకమంటే అది నడిచింది. వాడు మడమతో పొడిచినాడు. లచ్చికి ఆ మాదిరి యెవరూ ఎప్పుడూ చెయ్యలేదు. అది నిలబడి వెనక్కి తిరిగి చూసింది, పిలిచినారా అన్నట్లు. మళ్లా పొడిచినాడు. మూడోసారికి కడుపుమీద ఎర్రగా గీత దిగింది.

మా తాత గొడుగుల మధ్యలోంచి అడ్డం వచ్చినాడు. చేతులు జోడించినాడు. "అయ్యా, ఆడదయ్యా. ముసల్ది. ఆ ముండ్లు తీసెయ్యండయ్యా. నోటితో చెప్తే వింటాది."

వాడు గుర్రం మీదినుంచే జీనుకు చుట్టుండే తాడు తీసినాడు. పొద్దుట్నుంచి దాన్ని తిప్పేది నేర్చుకుంటావుండాడు, ఒక్క గుంజకు కూడా పడలేదు. "ముసలోడా, నిలబడు అట్లే" అని ఇసిరినాడు. ఖర్మకు అది సరిగ్గా పడింది. మా తాత నడుముకు బిగుసుకునింది. వాడు లాగినాడు. మా తాత పడినాడు. డెబ్బై ఏండ్ల మనిషిని ఆ తెల్లపిండిలో బోర్లా నాలుగు బారలు ఈడ్చినాడు. తలపాగ ఒకపక్క, చెప్పులు ఒకపక్క. నోట్లో పిండి, కండ్లలో పిండి.

అందరూ నవ్వినారు. కుర్చీలవాళ్లు, గొడుగులవాళ్లు, మొగానికి రంగు వేసే ఆయమ్మ. తాడు భలే పడిందని యెవరో చప్పట్లు కొట్టినారు.

నేనూ నవ్వినాను.

ఒక్క క్షణం. సినిమాలో అట్లా ఈడ్చినప్పుడంతా నవ్వి నవ్వి నోటికి అలవాటైపోయింది. నవ్వు బయటికి వచ్చినాక తెలిసింది, ఈడ్చింది మా తాతను అని. మా తాత తల పైకెత్తి కండ్లు తుడుచుకుంటా చూసినప్పుడు ఆయనకు కనబడిన మొగాల్లో నాది కూడా ఒకటి. ఆ హీరోను నేను ఎందుకు వదల్లేదో అడిగేవాళ్లకు ఇదే జవాబు. వాడు మా తాతను ఈడ్చినందుకు సగం. నాచేత నవ్వించినందుకు సగం.

సాయంత్రం ఇంటికాడ మా తాత లచ్చి కడుపుకు పసుపు, వేపనూనె కలిపి పూసినాడు. పూస్తా దాంతో ఏదో చెప్పుకుంటా ఉండినాడు, నాతో మాత్రం ఒక్క మాట లేదు. సంగటిముద్ద ముందర పెట్టుకోని తినకుండా కూర్చుంటే మా అమ్మ అడిగింది, "ఏమి నాయనా, ఒంట్లో బాగలేదా? మోచెయ్యి యాడ గీరుకున్నావు?"

"దిబ్బమీద జారినానమ్మా" అన్నాడు.

నేను పుట్టినప్పట్నుంచి మా తాత నోట అబద్ధం వినలేదు. అదే మొదటిది. అది నా కోసం చెప్పినాడని నాకు తెలుసు.

"రేపు పోవద్దులే అబ్బోడా" అన్నాడు కడాకు.

"పోదాం తాతా" అన్నాను. "ఒక్క షాట్ మిగిలుండాదంట."

మా తాత నా మొగంలోకి చాలాసేపు చూసినాడు. కండ్లు చికిలించకుండానే చూసినాడు. మళ్లా ముద్ద విరుచుకున్నాడు.

ఆ మిగిలిన షాట్ ఏమంటే, హీరో ఒక్కడే దిబ్బ నెత్తినుంచి గుర్రం ఉరికించుకుంటా దిగి, కెమెరా ముందర టక్కున ఆపి, టోపీ అంచు వేలితో తాకి ఒక డైలాగు చెప్పాల. పొద్దున పదకొండు గంటలకని పెట్టుకోనుండారు. నేను పదిన్నరకు లచ్చికి రెండు శేర్ల నానబెట్టిన ఉలవలు పెట్టేసినాను. అది తిని మూతి నాకుతావుంటే మేనేజరు పరిగెత్తి వచ్చినాడు.

"ఏమిరా ఇది! షాట్ ముందర తిండేమి?"

"ఆకలైంది సార్ దానికి. ఉలవలు తిన్న గుర్రాన్ని నాలుగు గంటలు ఉరికించగూడదు సార్. కడుపుబ్బి దభీమని పడతాది. మీ ఇష్టం. పడితే ఆయప్ప కింద ఉంటాడు, గుర్రం పైన ఉంటాది."

మేనేజరు మా తాతపక్క తిరిగినాడు. "నిజమేనా పెద్దాయనా? నాలుగు గంటలా?"

మా తాత ఆకాశం చూసినాడు, పొద్దు యాడికి వచ్చిందో చూసినాడు. "నాలుగు గంటలు పట్టాల్సిందే అయ్యా" అన్నాడు.

అది ఆయన జీవితంలో రెండో అబద్ధం. నాకు తెలిసి మూడోది లేదు.

ఆ నాలుగు గంటల్లో నాకు ఇంకొక పని దొరికింది. బూట్లలో పిండి పోయిందని దులిపి తెమ్మన్నారు. లారీ వెనక కూర్చుని బాగా దులిపినాను. మడమకాడ ముండ్ల చక్రం ఒక చిన్న సీల మీద తిరుగుతావుంటాది. లచ్చి లాడాల మేకులు పీకే పటకారుతో రెండు సీలలూ పీకినాను. చక్రాలు రెండూ నా నిక్కరు జేబులోకి పోయినాయి, ఇప్పుడు మిగిలింది ఒకటే. తొడకు గుచ్చుకుంటా ఉంటే ఎంత సుఖంగా ఉండిందో చెప్పలేను.

రెండు గంటల యాభై నిమిషాలకు హీరో దిబ్బ నెత్తిన లచ్చి మీద కూర్చున్నాడు. కింద కెమెరా. నేను కెమెరా పక్కన. మా తాత కొంచెం దూరంలో నిలబడి, ఏమీ తోచనట్లు తలపాగ విప్పి, దులిపి, మళ్లా చుట్టుకుంటావుండాడు. ఎండలో తెల్ల దిబ్బ, నల్ల టోపీ, గోధుమ రంగు గుర్రం. చూసేదానికి బాగుండింది. శత్రువైనా ఉండేది ఉండేట్లు చెప్పాల.

"యాక్షన్" అన్నారు. వాడు మడమలతో పొడిచినాడు. ముండ్లు లేవు. లచ్చి ఈగ వాలినట్లు తోక ఆడించింది. మళ్లా పొడిచినాడు. వంగి మడమ చూసుకున్నాడు. చూసుకుంటావుండగానే ఊదింది.

ఊఊఊఊఊ అని, భూమి లోపల్నుంచి వచ్చినట్లు, మూడు గంటల సంకు.

లచ్చి తల పైకెత్తింది. చెవులు నిక్కబొడిచింది. అంతే. ముసల్ది, కడుపుమీద గాయం, నాలుగేండ్లుగా అంత జోరుగా ఉరికింది నేను చూడలేదు. ఆ రోజు దిబ్బ నెత్తినుంచి అది దిగిన దిగడం! వెనక తెల్లపిండి మేఘం మాదిరి లేచింది. టోపీ ఎగిరిపోయింది. హీరో పగ్గం వదిలి దాని మెడ కౌగిలించుకున్నాడు. కెమెరా ముందర టక్కున ఆగాల్సింది కదా, లచ్చి కెమెరాను చూసింది కూడా లేదు. కెమెరా తిప్పే ఆయప్ప మాత్రం పాపం, పనిమంతుడు, "ఏమి సవారీ! ఏమి సవారీ!" అని అరుస్తా తిప్పుకుంటానే పోయినాడు.

నేను టోపీ ఏరుకోని వెనక ఉరికినాను.

షాఫ్టు గేటుకాడికి నేను పోయేసరికి లచ్చి వరసలో తన జాగాలో, రెండు జట్కాల మధ్య, బుద్ధిగా నిలబడుండాది. పైన హీరో. దిగేదానికి భయం, ఉండేదానికి సిగ్గు. రంగు చెమటకు కారి నల్లమీసం గడ్డందాకా వచ్చింది. ఎదురుగా గేటు తెరుచుకునింది. రాతిని పగలగొట్టి పైకి వచ్చిన మొగోళ్లు, నెత్తిన దీపాల టోపీలతో వందలమంది. ఆదివారం ఆదివారం కౌబాయ్‌లను చూసి చూసి ఆరితేరినోళ్లు. ఒక్కడూ నవ్వలేదు. అదే గొప్పదనం.

ఒక ముసలి మేస్త్రి ముందుకు వచ్చి, చాలా మర్యాదగా, "అండర్సన్‌పేటకు సీటు ఉండాదా అప్పా?" అన్నాడు.

"నేను హీరోను!" అన్నాడు వాడు.

"అట్లనా సార్. కొత్తగా చేరినారా?"

మా జట్కాకు ముందుపక్క ఒక కొక్కెం ఉండేది. ఎక్కే కూలోళ్లు ఖాళీ టిఫిన్ క్యారియర్లు దానికి తగిలిస్తారు, అది మామూలు. జట్కా లేదు, కొక్కెం లేదు. జీనుకు ముందర పిడి ఉండింది. మేస్త్రి తన క్యారియర్ దానికి తగిలించినాడు. ఇంకొకాయన తనది తగిలించినాడు. ఆరో ఏడో పడినాయి. బరువు పడగానే బండి నిండిందని లచ్చికి లెక్క. అది కదిలింది. రోజూ పోయే దోవలో, రోజూ పోయే నడకతో, గలగలమని క్యారియర్లు మోగించుకుంటా హీరోను అండర్సన్‌పేట బజారు మధ్యలోంచి తీసుకోని పోయింది. మిద్దెల మీదికి ఆడోళ్లు వచ్చినారు. బట్టల అంగడి శెట్టి కొలకట్ట చేతిలో పట్టుకోని బయటికి వచ్చి నిలబడినాడు. "తాడు యాడప్పా?" అని నేను వెనకనుంచి అరిచినాను. "మా తాతను కట్టిన తాడు యాడ పెట్టినావు? క్యారియర్లు కట్టుకోవా?" గొంతు పోయేదాకా అరిచినాను. కండ్లలో నీళ్లు కారుతావుండినాయి. మొగోడు ఏడవగూడదనే సంగతి ఆ పొద్దు గుర్తుకు రాలేదు.

బజ్జీల అంగడి ముందర లచ్చి ఆగింది, మొదటి సవారీ దిగేది ఆడే. వాడు ఒక కాలు ఇటుపక్క, ఒక కాలు అటుపక్క వేసి వణకతావుండాడు. అప్పటికి యెవరిదో సైకిల్ వెనక కూర్చుని మా తాత వచ్చినాడు. నేను ఏమనుకున్నానంటే, ఇప్పుడు మా తాత నాలుగు మాటలు అంటాడు, ఊరు ఊరంతా వింటాది అని. మా తాత కళ్లెం పట్టుకోని, భుజం ఆనించి, "పట్టుకోండయ్యా, నిదానం" అన్నాడు. వాణ్ణి దించినాడు.

"వదులు తాతా! పడనీ!" అన్నాను.

"నా బండి ఎక్కినోణ్ణి ఇంతవరకూ యెవర్నీ కింద పడెయ్యలేదురా" అన్నాడు. వాడి చొక్కాకు అంటిన పిండి కూడా దులిపినాడు. వాడు మా తాత మొగం చూడలేదు. దండం లేదు, తప్పైపోయిందనే మాట లేదు. వెనకే వచ్చిన కారెక్కి పోయినాడు. మా తాత టిఫిన్ క్యారియర్లు ఒక్కొక్కటే తీసి, యెవరిది వాళ్లకు అందించినాడు.

నాకు మా తాతమీద కూడా కోపం వచ్చింది. ఇప్పటికీ కొంచెం ఉండాది.

కొన్ని నెలలకు ఆ సినిమా మా ఊరికి వచ్చింది. మొదటి ఆటకు నేను పోయినాను, మా తాత కూడా వస్తానన్నాడు. మధ్యలో ఆ షాట్ వచ్చింది. తీసిపారేసుంటారనుకున్నాను. లేదు. తెల్లని దిబ్బ, మేఘం మాదిరి దుమ్ము, గాలికి ఎగిరే నల్ల టోపీ, బాణం మాదిరి దిగే గుర్రం. దూరంనుంచి తీసింది కదా, మెడ కౌగిలించుకునింది పౌరుషంగా వంగినట్లుండాది. కింద దడదడమని వాయిద్యాలు. పై ఊర్లనుంచి వచ్చినోళ్లు చప్పట్లు కొట్టినారు. నా లచ్చి పరుగు, నా ఉలవలు, నా పటకారు, అంతా వాడి మొగతనం కింద చెలామణి అయిపోయింది.

ఎప్పుడూ తెరకు మాటలు చెప్పేవాణ్ణి, ఆ పొద్దు మాటలు పక్కన పెట్టినాను. కుర్చీమీదికి ఎక్కి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకోని ఊదినాను.

ఊఊఊఊఊ.

వెనకనుంచి ఆ ముసలి మేస్త్రి గొంతు, ఊఊఊ అని అందుకునింది. ఇంగ ముందు బెంచీలు, వెనక కుర్చీలు, ఆడోళ్ల పక్క, అందరూ. హాలు కప్పు లేచిపోయేట్లు సంకు ఊదినారు. తెరమీద వాడు ఉరుకుతానే ఉండాడు. పక్కన చూస్తే మా తాత లేచి నిలబడి, తలపాగ సరిచేసుకుంటావుండాడు. డ్యూటీకి టైమైనట్లు.

"లచ్చి పోతావుండాది రా" అన్నాడు నాతో. దిబ్బమీద నేను నవ్వినప్పట్నుంచి ఆయన నన్ను చూసి నవ్వింది అదే మొదటిసారి.

ఆ సినిమా మా ఊర్లో ఆడినన్నాళ్లు, ప్రతి ఆటలో ఆ షాట్‌కు సంకు ఊదినారు. పక్క ఊర్లవాళ్లకు ఎందుకో అర్థం కాలేదు. మేము చెప్పలేదు.

లచ్చి తర్వాత రెండేండ్లకు పోయింది, కొట్టంలో, మేత నోట్లో పెట్టుకోని. మా తాత ఆ తర్వాత. ఇంకొన్నాళ్లకు గని మూసేసినారు. సంకు ఆగిపోయింది. సంకు ఊదితే గడియారం సరిచేసుకునే ఊరు, ఆ తర్వాత చాన్నాళ్లు ఏ వేళకు ఏం చెయ్యాలో తెలియక తిరిగింది. కూలోళ్ల పిల్లలందరూ పనికోసరం తలా ఒక దిక్కుకు పోయినారు.

దిబ్బకాడ పెండ్లికొడుకు ఫోటోలు తీయించుకుంటా, మధ్యలో నీడకోసరం ఆటోలో కూర్చున్నాడు. మళ్లా చక్రం తిప్పినాడు. ఇంగ దాచలేక లచ్చి పరుగు సంగతి చెప్పేసినాను, హాల్లో ఊదిన సంగతి మాత్రం చెప్పలేదు. "నిజమా అంకుల్!" అని ఫోనులో వెతికినాడు. దొరికింది. ఆ షాటే. కింద జనం రాసినారు: ఏమి సవారీ, ఏమి మొగోడు, ఇప్పటివాళ్లకు ఇట్లాంటిది చేతనవుతుందా అని. చదివి వినిపించినాడు. ఇన్నేండ్లకు మళ్లా అదే కోపం.

"నువ్వొకటి రాయప్పా" అన్నాను.

"ఏమని?"

"ఆ గుర్రం పేరు లచ్చి. బేతమంగళ జట్కాది. మూడు గంటల సంకుకు డ్యూటీకి పోతావుండాది. పైన ఉండేది లగేజీ."

పిల్లోడు పడి పడి నవ్వుతా రాసినాడు. "కింద మీ పేరు పెట్టేదా అంకుల్?"

"వద్దు. గుర్రం పేరు ఉండాది కదా, చాలు."

సాయంత్రం వాళ్లను దించేసి, ఆటో కడుగుతావుంటే ఫోను మోగింది. పెండ్లికొడుకే.

"అంకుల్, మీరు రాయమన్నదాని కింద యెవరెవరో రాస్తావుండారు. ఒకాయన మద్రాసంట, ఒకామె దుబాయంట. మాటలే లేవంకుల్. అందరూ ఒట్టి ఊఊఊ అని రాస్తావుండారు. నాకేమీ అర్థం కాలేదు. తిడతావుండారా?"

నేను చేతిలో తడిగుడ్డ పిండి ఆటోమీద ఆరేసినాను. అద్దం కింద చక్రం నీళ్లు కారుస్తా తిరుగుతావుండాది.

"తిట్టేది కాదప్పా" అన్నాను. "షిఫ్టు వదిలినారు."